చివర పెట్టని సున్నా

మొన్న మా మేనకోడలు నా పక్కన కూర్చుని, జంతికలు నములుతూ, లాప్‌టాప్‌లో ప్రోగ్రాం రాస్తూ రెండు మాటల్ని ఒక్క కూడిక గుర్తుతో అతికేసింది. ఏదో తప్పొచ్చి తెరమీద ఎర్రగీతలు పడితే నవ్వి, దిద్దుకుని, ఇంకో జంతిక అందుకుంది. నేను మాత్రం కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. కంప్యూటరు ముందు తప్పు చేయడమంటే మనకెంత భయమో నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు.

పట్నంలో గవర్నర్‌పేటలోని మేడమీది కంప్యూటర్ సెంటర్‌లో చేరేనాటికి నాకు ఇరవై నిండలేదు. చెప్పులు బయట విడిచి, ఆ ఏసీ గదిలోకి ఊపిరి బిగబట్టి వెళ్లేవాళ్లం. మిషను పాడుచేస్తే మళ్లీ రానివ్వరని తోటివాళ్లు చెప్పుకునేవారు. మగ్గం తప్ప మరొకటి ఎరగని మా ఇంట్లో, నా మీద ఒక్క ఫిర్యాదు వచ్చినా చదువు అక్కడితో ఆగిపోతుందని నాకు నేనే అనుకుని వణికేదాన్ని. నాన్న అలా అన్నదీ లేదు, ధైర్యం చెప్పిందీ లేదు; మా ఊరు కంకిపాడు నుంచి బస్సులో నాకు తోడొచ్చి, అద్దాల తలుపు బయట బల్లమీద కూర్చునేవారు.

ఒక రోజు అక్కడ పాఠం చెప్పే మేడం ఇచ్చిన పని, మాటల్ని దాచుకుని, ఒకదానికొకటి అతికే స్ట్రింగ్ క్లాసు అనే చిన్న ప్రోగ్రాం సొంతంగా రాయడం. అక్షరాలు అయిపోయాయని మిషనుకు తెలియాలంటే చివర ఒక సున్నా పెట్టాలి. పాత పడుగు కొసలకు కొత్త పోగులు అతికి, నేత ఆగకుండా చూసుకునే ఇంట్లో పుట్టినదాన్ని కదా, అతకడం మీదే ధ్యాస పెట్టి, ఇక్కడితో అయిపోయిందని చెప్పడం మరిచాను. నా పేరూ ఇంటిపేరూ కలిసి కనిపించాల్సిన చోట, వాటి వెనకాలే వింత గుర్తులు తెరనిండా పరుగెత్తాయి, మిషను ఆగకుండా కుయ్‌కుయ్‌మని మోగసాగింది. గదంతా నావైపు తిరిగింది. నా చదువు అయిపోయిందనుకున్నాను. తలెత్తితే అద్దం అవతల నాన్న లేచి నిలబడి ఉన్నారు.

మేడం వచ్చి మీట నొక్కి, "ఏం కాలేదమ్మా, చివర సున్నా పెట్టలేదు, అంతే" అన్నారు. అది నాన్నకు వినపడలేదు. బస్టాండు దాకా నేను ఓణీ కొస నలుపుతూ ఆయన వెంట నడిచాను. బస్సెక్కాక కిటికీలోంచి బయటికి చూస్తూ, "భయపడి మానేస్తావా ఏంటమ్మా?" అన్నారు. ఆయన చేతిలో టికెట్లు ఉండలా నలిగిపోయి ఉన్నాయి. నేనెక్కడ మానేస్తానోనని ఆయనకూ భయమేనని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇప్పటి పిల్లలకు మిషనంటే భయం లేదు, ఉండకూడదు కూడా. అయితే గది తలుపేసుకుని నేర్చుకునే వీళ్లకు, లోపలేం జరుగుతోందో అర్థం కాకపోయినా ఉలిక్కిపడి లేచి నిలబడే మనిషి బయట ఎవరూ ఉండరు.