సంఘం గంజులు

మొన్న మహబూబాబాద్‌లో మా పాత సంఘం గది తాళం తీయగానే మసీ, మాడిన నూనే, చిలుము పట్టిన ఇత్తడీ కలిసిన వాసన ముఖాన కొట్టింది. మా వీధి పెండ్లిళ్ల రోజులన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

బాపు, ఆయన తోటి కిరాణా వ్యాపారులు కొందరు కలిసి పెట్టుకున్న సంఘం అది. లాభం కోసం కాదు, దుకాణాలు కట్టేశాక క్యారమ్స్ ఆడుకోవడానికి, పేపరు చదువుకోవడానికి, ఏటా వినాయకుణ్ణి నిలబెట్టడానికి. మొదట్లో నెలనెలా చందాలు వేసుకున్నారు. చందా అనేసరికి అందరికీ ఏదో ఒక పని గుర్తొచ్చేది కనుక, పెండ్లి వంటలకు వాడే పెద్ద ఇత్తడి పాత్రలు, మా భాషలో గంజులు, కొని కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టారు. మెంబర్ల ఇండ్లకు మాత్రం పెండ్లయినా చావైనా ఊరికే పోయేవి. కిరాయి కట్టేది ఎక్కువగా చుట్టుపక్కల తండాలవాళ్లే. ఎండాకాలమంతా గంజులు ఆటోల మీద తండాలకు పోయి, బూడిదా చింతపండుతో తోమించుకుని తళతళలాడుతూ తిరిగొచ్చేవి. ఆ కిరాయితోనే సంఘానికి ఫ్యాన్లు, టీవీ, నవరాత్రుల్లో మేము దోసిళ్లు పట్టి తిన్న పులిహోర, వేడివేడి గుగ్గిళ్లు. కిరాయి కట్టినవాళ్లు మాత్రం గడప బయటే నిలబడేవారు. అది వింతని మాకెవరికీ తోచలేదు.

ఒక వానాకాలం పొద్దున కేలీబాయి మా దుకాణానికి వచ్చింది. తండా నుంచి వచ్చి మా దగ్గరే సరుకులు తీసుకునే మనిషి. పెనిమిటి పోయాడు, దినాల వంటకు గంజులు కావాలంది. సంఘం తాళం బాపు దగ్గరే ఉండేది. ఆయన ఎప్పటిలాగే కిరాయి చెప్పాడు.

"చావుకు కిరాయి లేదంటరు గద సేటూ," అంది.

"గది మనోళ్లకే," అన్నాడు బాపు, కసిరినట్టు కాదు, మామూలుగానే.

ఆమె కొంగుముడి విప్పుతూ, "మా ఇంట్ల పెండ్లిళ్లన్నిటికి కిరాయి కట్టినం. ఇంకెప్పుడైతం సేటూ, మనోళ్లం?" అని మెల్లగా అడిగింది.

బాపు పైసలు తీసుకుని లెక్కపెట్టుకున్నాడు. గల్లాపెట్టె పక్కన బెల్లంముక్క చప్పరిస్తూ నిలబడ్డాను నేను. మా బాపు ధర్మాత్ముడని ఊరంతా అంటుంటే విని పెరిగినదాన్ని, ఆ రోజు ఆయన ముఖం చూడడానికి సిగ్గేసింది.

ఇప్పుడు ఫంక్షన్ హాళ్లు, క్యాటరింగ్ వాళ్లు వచ్చి గంజులను అడిగే దిక్కు లేదు, క్యారమ్స్ ఆడేవాళ్లూ లేరు. సంఘం ఎత్తేద్దామనుకున్న మెంబర్లు, బాపు కూడా పోయాడు కనుక ఆయన తరఫున నన్ను పిలిచారు. గంజులను పాత సామాను వాడికి తూకానికి అమ్మేసి, ఆ డబ్బుతో మెంబర్ల కుటుంబాలన్నిటికీ హోటల్లో భోజనాలు పెట్టారు. నేనూ కడుపునిండా తిన్నాను, స్వీటు రెండోసారి అడిగి వేయించుకున్నాను. తండాల నుంచి ఒక్కరినీ పిలవలేదన్న సంగతి చేతులు కడుక్కునేటప్పుడు గానీ నాకు తట్టలేదు. ఇన్నేళ్లూ ఆ సిగ్గు బాపు ఒక్కడిదే అనుకుంటూ వచ్చాను.