నాట్ల బొమ్మకు మూడు గదులు

బొమ్మ వేయడానికి గది కావాలంటే అందరూ నవ్వేవాళ్ళు. పడుకోవడానికి గది ఉంటుంది, వండుకోవడానికి ఉంటుంది, బస్తాలు పెట్టుకోవడానికి ఉంటుంది, బొమ్మకు గదేమిటని. నేను హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టర్ని. పిల్లలకు మామిడికాయ, మట్టికుండ, జెండా గీయడం నేర్పేవాణ్ణి. ఏళ్ళ తరబడి అవే మామిడికాయలు. నాకేమో చిత్రకారుడిని కావాలని ఉండేది. ఆ కోరిక చెప్పుకోవడానికి సిగ్గుపడే వయసు దాటిపోయింది కాబట్టి ఇప్పుడు చెప్తున్నాను.

దానికి నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క బొమ్మ. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గుడ్డ మీద తొమ్మిదిమంది ఆడవాళ్ళు నడుములు వంచి వరినాట్లు వేస్తుంటారు. మా అత్తగారి ఊరు నిడమనూరు పక్కనే. పెళ్ళయిన కొత్తలో అక్కడికి పోతూ బస్సులోంచి చూశానా దృశ్యం. మాది మోతె వైపు మెట్ట ఊరు. జొన్న, ఆముదం తప్ప వరిమడి ఎరుగని వాణ్ణి. కాలువ కింద ఆ పచ్చదనం, ఒకే వరసలో వంగిన ఆ నడుములు చూసి ఉండబట్టలేక బస్సు దిగేశాను. గట్టు మీద నిలబడి నోటుబుక్కులో నడుములు గీసుకున్నాను. మిగతా పొలమంతా ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చులే అనుకున్నాను. ఈ బొమ్మ పూర్తి చేసి హైదరాబాదులో ప్రదర్శనకు పంపాలి. పంపగలిగితే నేను చిత్రకారుణ్ణి, లేకపోతే చచ్చేదాకా మామిడికాయల మాస్టర్ని. నా మనసులో అంతకు మించి ఇంకో దారి లేదు.

అది ఎనభైల నడిమి కాలం. నా ఉద్యోగం మిర్యాలగూడలో. కిరాయికి దొరికిన ఇల్లు రైసు మిల్లులకు దగ్గర. వరండా చివర మూడు వైపులా తడికలు కట్టి గదిలాగా చేసుకున్నాను. వెలుతురుకు లోటు లేదు. కానీ మిల్లుల్లో ఊక కాల్చేవాళ్ళు. ఆ మసి గాలికి లేచి ఊరంతా రాలేది. దండెం మీది బట్టల మీద, కంచంలో అన్నం మీద, నా పచ్చి రంగు మీద. ఆయిల్ రంగు ఒక పట్టాన ఆరి చావదు. పొద్దున తెల్లగా ఆకాశం వేస్తే సాయంత్రానికి దాని నిండా నల్ల చుక్కలు. ఒక్కొక్క చుక్కను సూదితో తీసేవాణ్ణి. తీసిన చోటల్లా గీత పడేది. ఆ గీత మీద మళ్ళీ రంగు, ఆ రంగు మీద మళ్ళీ మసి.

నా భార్య పాత చీరలు తడిపి తడికల చుట్టూ కట్టింది. మసి చాలా వరకు ఆగింది కానీ చీర ఆరగానే మళ్ళీ తడపాలి. ఆమె బకెట్టు పట్టుకుని వచ్చినప్పుడల్లా నా ధ్యాస చెదిరిపోతోందని కసురుకునేవాణ్ణి. రాకపోతే మసి పడుతోందని కసురుకునేవాణ్ణి. చివరికి ఇంట్లో ఒక చట్టం పెట్టాను. నేను బొమ్మ ముందు ఉన్నప్పుడు ఎవరూ నోరు విప్పకూడదు. నీళ్ళు చల్లాలంటే చల్లి పోవాలి. చుట్టాలు వచ్చినా, పాలు పొంగినా, ఆ తడికల లోపల మాట వినపడకూడదు. ఆమె సరేనన్నది. మూడేళ్ళు అట్లాగే గడిచాయి. బొమ్మలో ఆకాశం, దూరపు గట్టు మాత్రం అయ్యాయి.

కోదాడకు బదిలీ అయినప్పుడు సంతోషించాను. మిల్లుల మసి వదిలింది కదా అని. సామాను లారీలో వేసి, బొమ్మను రెండు పరుపుల మధ్య పెట్టి, దాని పక్కనే కూర్చుని పోయాను. అక్కడ దొరికిన ఇంట్లో ఒక గది మొత్తం నాకే వచ్చింది. తలుపు కూడా ఉంది. తలుపు ఉన్నందుకు ఎంత పొంగిపోయానంటే, కిటికీ తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో పక్కింటి గోడ ఉందన్న సంగతి గమనించనేలేదు. పట్టపగలు కూడా బల్బు వేసుకోవాలి. బల్బు వెలుగులో పసుపు రంగుకూ తెలుపుకూ తేడా తెలియదు. అయినా వేశాను. వేరే గతి లేదు.

ఆ గది గోడలకు గులాబీ సున్నం. గులాబీ గోడల మధ్య వరిమడి వేస్తే ఏమవుతుంది? ఆ ఎరుపు వచ్చి గుడ్డ మీద పడుతుంది, కన్ను మోసపోతుంది. ఒక ఆదివారం సున్నంలో కొంచెం మసిపొడి కలిపి నాలుగు గోడలకూ బూడిదరంగు వేసేశాను. చూసుకుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంటి ఓనరమ్మ చూసి గడపలోనే ఆగిపోయింది.

"ఏంటండీ మాస్టారూ ఇది? మొన్ననే కదండీ రంగేయించాం. ఇల్లు కాలిపోయినట్టు చేశారేంటి?"

"గోడ రంగు బొమ్మ మీద పడుతుందండీ," అన్నాను.

"పడితే తుడుచుకోండి," అని వెళ్ళిపోయింది.

గోడల గొడవ తీరిందనుకుంటే లారీల గొడవ మొదలైంది. ఇల్లు హైవేకు దగ్గర. లోడు లారీ పోయినప్పుడల్లా నేల అదిరేది, బొమ్మ నిలబెట్టిన స్టాండు వణికేది, స్టాండుతో పాటు తొమ్మిదిమంది ఆడవాళ్ళూ వణికేవాళ్ళు. స్టాండు కాళ్ళ కింద గోనెసంచులు మడిచి పెట్టాను. దూది చెవుల్లో పెట్టుకున్నాను. తలుపు గట్టిగా వేసుకున్నాను. తలుపవతల నా భార్య వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుడుకు కూడా లేచి వెళ్ళి అరిచేవాణ్ణి. లారీ డ్రైవర్ల మీద అరవలేను కదా. కోదాడలో ఐదేళ్ళకు నడుములు, చేతులు, చీరలు, పాదాలు పూర్తయ్యాయి. మనసు మాత్రం ఒక్కరోజు కూడా బొమ్మలో నిలవలేదు. తప్పంతా గదిదే అని నాకు గట్టి నమ్మకం.

అందుకే సూర్యాపేటకు వచ్చి సొంత ఇల్లు కట్టుకోవాలనుకున్నప్పుడు మిగతా ఇల్లు ఎట్లా ఉన్నా ఫరవాలేదు, ఆ ఒక్క గది నేను చెప్పినట్టు ఉండాలన్నాను. తొంభైలు వచ్చేశాయి అప్పటికి. ఆ గది ప్లాను ఎన్నిసార్లు గీశానో చెప్తే నవ్వుతారు. ఉత్తరం గోడకు పెద్ద కిటికీ, ఎందుకంటే ఉత్తరం వైపు నుంచి ఎండ నేరుగా పడదు, పొద్దంతా వెలుతురు ఒక్క తీరుగా ఉంటుంది. దాని అడుగు నా భుజం ఎత్తున ఉండాలి, వీధిలో పోయేవాళ్ళు కనపడకూడదు. గోడలకు బూడిదరంగు. రంగు పడితే గీకేయడానికి వీలుగా నేలకు నాపరాళ్ళు. చెయ్యి చాపితే అందేటట్టు బ్రష్షుల అర. లోపలి నుంచి పెట్టుకునే గొళ్ళెం.

కట్టిన మేస్త్రిది పెన్‌పహాడ్. పనిమంతుడే, కానీ ఆయన లెక్కలు ఆయనకు ఉన్నాయి. గోడలు నడుమెత్తు లేచాక వేళ్ళు మడిచి లెక్కపెట్టి పని ఆపేశాడు.

"సారూ, మీ ఉత్తరం కిటికీతోని ఇంట్ల కిటికీలు ఏడయితున్నయి. బేసి పనికిరాదు. సరి ఉండాలె."

"ఉన్నవాటిలో ఒకటి తీసెయ్," అన్నాను.

"ఏది తీస్త సారూ? అన్నీ చౌకట్లు నిలవెట్టిన. ఇంకొకటి పెడదాం, ఎనిమిదయితయి."

నేను ఒప్పుకోలేదు. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి నా గది పడమటి గోడకు కిటికీ చౌకట్టు నిలబడి ఉంది. నా భార్యను అడిగి పెట్టాడట. "ఇల్లన్నంక సరి ఉండాలె గదా," అన్నది ఆమె. నేను ఎగిరిపడ్డాను. అంత ఆలోచించి గీసుకున్న గదిలో మధ్యాహ్నం మూడు గంటలకు పడమటి ఎండ సూటిగా వచ్చి గుడ్డ మీద పడుతుంది. గృహప్రవేశం అయిన వారానికి ఆ కిటికీకి చెక్క కొట్టేశాను. మేస్త్రి చూసి, "మూసినా లెక్కలకు వస్తదిలే సారూ, ఏం కాదు," అని నన్నే ఓదార్చాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. గది పూర్తయిన రోజు నా భార్య ఉత్తరం కిటికీ కింద నిలబడి పైకి చూసింది.

"గీ మూలకు నా కుట్టుమిషను పెట్టుకుంట. వెలుతురు మంచిగున్నది. కండ్లు గుంజుతున్నయి నాకు."

"ఇది పని చేసుకునే జాగ. ఇక్కడ అవన్నీ వద్దు," అన్నాను.

"మిషను కుట్టుడు పని కాదా?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా పోయింది.

ఇక నా దగ్గర అన్నీ ఉన్నాయి. మసి లేదు, లారీ లేదు, గులాబీ గోడ లేదు. గొళ్ళెం పెట్టుకుని బొమ్మ ముందు కూర్చునేవాణ్ణి. బొమ్మ మాత్రం కదలలేదు. మొదట రంగుల మీద పెట్టాను నెపం. కోదాడ బల్బు కింద వేసిన పచ్చలన్నీ ఈ వెలుతురులో వెలవెలబోయాయి, నిజమే. నెలల తరబడి వాటిని సరిచేశాను. తర్వాత స్టూలు ఎత్తు బాగాలేదని మార్పించాను. తర్వాత గోడ ఇంకొంచెం ముదురు రంగు ఉండాలని మళ్ళీ వేశాను. బొమ్మలో ఏదో కుదరలేదు. ఆ ఆడవాళ్ళు పొలంలో ఉన్నట్టు లేరు, ఎవరో తెచ్చి నిలబెట్టినట్టు ఉన్నారు. ఏం తప్పో తెలియక విసుగొచ్చేది, ఆ విసుగంతా భోజనం దగ్గర బయటపడేది. చివరికి తిట్టుకోవడానికి గదిలో ఏమీ మిగల్లేదు.

ఒక ఎండాకాలం సెలవుల్లో పొద్దున్నే గొళ్ళెం తీసి నా భార్యను పిలిచాను. అన్నేళ్ళలో బొమ్మ చూడమని పిలవడం అదే మొదటిసారి. వరి పచ్చ సరిగ్గా వచ్చిందో లేదో ఆమెకు తెలుస్తుందని పిలిచాను. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. కొంచెంసేపు చూసింది.

"రంగు మంచిగనే ఉన్నది," అని ఆగింది. "మాట్లాడొచ్చునా?"

"మాట్లాడమనే కదా పిలిచింది."

"నాటేసేటోళ్ళు ముందటికి పోరు. వెనకకు జరుగుతరు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె దగ్గరికి వచ్చి వేలితో చూపించింది. నా బొమ్మలో నాటిన పచ్చ వాళ్ళ వెనక ఉంది, ఖాళీ బురద ముందు ఉంది.

"గిట్ల పోతే నాటిన నారునే తొక్కుకుంట పోవాలె. నాటింది కండ్ల ముందట ఉంటనే వరస కుదురుతది."

మా మెట్ట ఊళ్ళో విత్తనం వేసే ఆడవాళ్ళు నాగలి వెంట ముందుకు నడుస్తారు. విత్తడమంటే నాకు తెలిసింది అదే. గట్టు మీద నిలబడి నడుములు గీసుకుని వచ్చానే కానీ, ఆ నడుములు ఎటు జరుగుతున్నాయో చూడలేదు. ఇప్పుడు దిద్దుదామన్నా కుదరదు. పద్దెనిమిది పాదాలూ ముందుకే లేచి ఉన్నాయి.

"ఎప్పుడు చూసినవ్ ఇది?" అని అడిగాను.

"మిర్యాలగూడల్నే. రంగులెయ్యకముందు బొగ్గుతోని గీసుకున్నవ్ గదా, అప్పుడే."

"మరి చెప్పలేదేం?"

"చెప్పబోయిన. బొమ్మ ముందట నోరు తెరవొద్దంటివి. కోదాడల తలుపేసుకుంటివి. గీడ గొళ్ళెమే పెట్టిస్తివి." కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. "సదువుకున్నోనివి, బొమ్మల్ల గట్లనే వేస్తరేమో అనుకున్న ఇగ."

నాకు బొమ్మ పోయిందన్న బాధ కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది. పెళ్ళికి ముందు ఏటా నాట్లకు పోయిన మనిషి ఆమె. ఆ సంగతి నాకు తెలుసు. పదేళ్ళపాటు మసినీ, లారీలనూ, గోడలనూ, మేస్త్రినీ తిట్టాను. చేసిన ఏర్పాట్లన్నీ కలిపి చూస్తే, నా బొమ్మ సంగతి తెలిసిన ఒక్క మనిషినీ బయట ఉంచడానికే పనికొచ్చాయి.

"ఎట్లా వేస్తారో చూపించు," అన్నాను.

ఆమె నా మొహం చూసింది, నిజంగానే అడుగుతున్నానా అని. కుచ్చిళ్ళు పైకి దోపుకున్నది. అరలోంచి నా బ్రష్షులన్నీ గుప్పెటతో తీసి నారుకట్టలా ఎడమచేత పట్టుకున్నది. నడుము వంచి, ఒక్కొక్క బ్రష్షును నాపరాళ్ళ మీద పెడుతూ వెనక్కి అడుగు వేసింది. వేసిన వరసను చూసుకుంటూ ఇంకో అడుగు. కాళ్ళు ఎంత దూరం పెడతారో, మడమ ముందు దిగుతుందా వేళ్ళు ముందు దిగుతాయా, అన్నీ ఆ నాలుగడుగుల్లో ఉన్నాయి. నాలుగో అడుగుకు ఆమె వీపు వెళ్ళి స్టాండుకు తగిలింది. నేను అన్నేళ్ళుగా ఎవరినీ ముట్టనివ్వని స్టాండు అది.

వంగిన నడుము ఎత్తకుండానే, "జర ఇది అవతలకు తియ్యి, జాగ సాలుత లేదు," అన్నది.

బొమ్మతో సహా స్టాండును ఎత్తి వరండాలో పెట్టి వచ్చాను.