శనివారం మాత్రమే చచ్చిపోయే బ్యాటరీ

శుక్రవారం సాయంత్రం నుంచి నేను ఫోన్ ఎత్తడం లేదు. ఎందుకో ఈపాటికి మీకు ఎవరో చెప్పే ఉంటారు. అయినా నా నోటితో వినండి, కనీసం ఉప్పూకారం సరిగ్గా ఉంటాయి.

మా ఆయన ఈ వేసవిలో లోపలే మంచం, అలమర ఉండే ఒక పాత క్యాంపర్ వ్యాన్ కొన్నారు. ఇక్కడ మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా వీధిలో సగం మంది కార్ల ఇంజనీర్లే. మా ఆయన సీట్ల ఇంజనీర్. అందుకే కొనేముందు సీట్లు మాత్రం క్షుణ్ణంగా పరీక్షించారు. వారం వారం దాన్ని కడుగుతారు, తుడుస్తారు. నాతో కంటే దాంతోనే నెమ్మదిగా మాట్లాడతారు.

చిక్కేమిటంటే, ట్రిప్‌కని శనివారం పొద్దున్నే తాళం తిప్పితే వ్యాన్ టిక్ టిక్ అని ఊరుకుంటుంది. బ్యాటరీ డౌన్. కొత్తది వేయించారు. మళ్ళీ శనివారం అదే టిక్ టిక్. కట్టుకున్న పులిహోర, పెరుగన్నం డ్రైవ్‌వేలోనే వ్యాన్‌లో కూర్చుని తిన్నాం. సీట్లు బాగున్నాయి. పెరుగు ఇంకా బాగుంది, గడ్డలా తోడుకుంది.

నేను ఊరుకుంటానా? "మా వ్యాన్‌లో లేక్ మిషిగన్ చూడాలంటే లేక్‌నే మా ఇంటికి పిలవాలి" అని తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌లో అందరికీ చెప్పాను. రాలేకపోయిన వాళ్ళు బాధపడకూడదని, దేశానికి ఆ చివర శాన్ రామన్‌లో ఉన్న మా ఆడపడుచుకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఆయన నవ్వలేదు. "వచ్చే శనివారం కూడా కదలకపోతే సోమవారం అమ్మేస్తాను" అన్నారు. అని, వెళ్ళి దాని అద్దాలు తుడిచారు. నాకు పాపం అనిపించింది. కొంచెమే.

ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలు చేసే ప్రసాద్ మా ఆయనకి స్నేహితుడు. ఆదివారం బ్యాటరీకి మీటర్ పెట్టి చూశాడు. ఎక్కడా కరెంట్ లాగడం లేదు.

"విచిత్రంగా ఉంది అన్నయ్యా, మిగతా రోజులు బాగానే ఉంటోంది. శుక్రవారం సామాను సర్దాక వచ్చి మళ్ళీ చూస్తా."

"దిష్టి తీస్తే పోతుంది. ఇద్దరు ఇంజనీర్లు చూసిన బండి మరి" అన్నాను.

శుక్రవారం సాయంత్రం నేను ఎప్పటిలాగే సర్దేసి, గుమ్మంలో టీ తాగుతూ నిలబడ్డాను. ప్రసాద్ మీటర్ పెట్టాడు. ఈసారి కరెంట్ బాగా లాగుతోంది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోయాడు. ఒక ఫ్యూజు తీయగానే మీటర్ సున్నాకి పడిపోయింది.

"దొరికింది. లోపలి లైట్ల ఫ్యూజు."

"లైట్లన్నీ ఆర్పేశాను కదయ్యా" అన్నారు మా ఆయన.

"అయ్యో, ఆ లైటు తీయకు ప్రసాద్, పెరుగు తోడుకోదు" అన్నాను నేను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

చలికాలంలో మనందరం ఓవెన్‌లో లైటు వేసి పెరుగు గిన్నె పెడతామా లేదా? ఇక్కడ వేసవి రాత్రులూ చల్లగానే ఉంటాయి. ఇంట్లో తోడేస్తే పొద్దున హడావిడిలో గిన్నె మరిచిపోతానని, ప్రతి శుక్రవారం నేను వ్యాన్‌లో బట్టల అలమరలోనే తోడేస్తున్నాను. అందులో పాతకాలం బల్బులు రెండు, చక్కగా వేడెక్కుతాయి. పొద్దున చూసేసరికి వాటంతట అవే ఆరిపోయి ఉండేవి. ఎంత తెలివైన లైట్లో అనుకునేదాన్ని.

మా ఆయన అలమర తలుపు తీశారు. తువ్వాలు చుట్టుకుని గిన్నె వెచ్చగా కూర్చుని ఉంది. ఆయన వెంటనే ఫోన్ తీసి శాన్ రామన్‌లో మా ఆడపడుచుకి కలిపారు.

శనివారం వ్యాన్ ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. దారి పొడుగునా ఆయన ఈల వేశారు. లేక్ ఒడ్డున దిగి గిన్నె మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. పక్క టెంట్‌లోంచి ఎమ్మెస్ చదివే అమ్మాయి ఒకతి చేతిలో అన్నం ప్లేటుతో వచ్చింది.

"ఆంటీ, పెరుగు వ్యాన్ మీదేనా? శాన్ రామన్‌లో అందరికీ తెలుసట, మా పిన్ని ఫోన్ చేసి చెప్పింది. కొంచెం పెరుగుంటే ఇస్తారా?"

"ఇవాళ తోడుకోలేదమ్మా" అన్నాను.

వ్యాన్‌లోంచి మా ఆయన ఎంతో మర్యాదగా అడిగారు.

"లైటు వెయ్యమంటావా?"