నల్లతెర ముందు సాల్మన్ మాస్టారు

పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి ఏడాది చలికాలంలో నన్ను సికింద్రాబాదులో ఒక దవాఖాన కళ్ళ విభాగానికి రెండో గ్రేడు అసిస్టెంటుగా వేశారు. పేరుకు అసిస్టెంటు. చుక్కలు వేయడం, అద్దాలు మార్చి మార్చి అక్షరాలు చదివించడం, గొడవపడే రోగుల్ని కూచోబెట్టడం అన్నీ నావే. నా పైన మొదటి గ్రేడు మనిషి ఒకరుండాలి. ఆ కుర్చీ నేను చేరినప్పుడు ఖాళీ, నేను రిటైరయ్యే రోజుకు సుత ఖాళీయే. కాబట్టి నా పైన నేరుగా డాక్టర్ ప్రభాకర్ గారు. ఆపరేషన్ బల్ల దగ్గర చెయ్యి ఎంత గట్టిదో, మనుషుల ముందు నోరు అంత మెత్తన.

నా పనుల్లో నన్ను ఎక్కువ సతాయించింది నల్లతెర పరీక్ష. నీటికాసులు అని ఒక జబ్బుంది, మా దగ్గర కాలా మోతియా అనేవారు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం నలిగిపోతుంది. నొప్పి ఉండదు. పక్క చూపు పోతూ వస్తుంది గానీ ఎదురుగా ఉన్న అక్షరం చాలాకాలం కనబడుతూనే ఉంటుంది కనుక రోగికి తెలియదు. పోయింది తిరిగిరాదు, మిగిలింది కాపాడుకోవాలి. అందుకని ఎంత పోయిందో కొలవాలి. గోడకు నల్లబట్ట, దాని నడుమ తెల్లతల గుండుసూది. రోగి గజం దూరంలో కూచుని, ఒక కన్ను మూసి, రెండో కంటితో ఆ సూదినే చూడాలి. నేను నల్లపుల్ల చివర ఉన్న చిన్న తెల్లపూసను బట్ట మీద తిప్పుతాను. పూస కనబడితే రోగి బల్ల మీద తట్టాలి, లేకపోతే ఊరుకోవాలి. మాయమైన చోట్లన్నీ కాగితం మీద గీస్తే అదే చార్టు.

బట్ట దొరకడం మాత్రం తేలికైంది. పోలీస్ యాక్షన్ తర్వాత షేర్వానీలు కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. మా వీధి దర్జీ దగ్గర మంచి నల్లబట్ట తానులకు తానులు పడి ఉండింది.

చిక్కల్లా మనుషులతోనే. ఈ పరీక్షలో కొలిచేది యంత్రం కాదు, రోగి చెప్పిందే మేం రాసుకుంటాం. కొందరు మర్యాదస్తులు, కనబడతలేదంటే నేనెక్కడ చిన్నబుచ్చుకుంటానో అని తట్టేవాళ్ళు. కొందరు ఇదేదో కొత్త సర్కారు విచారణ అనుకుని, ఎందుకైనా మంచిదని అన్నిటికీ తట్టేవాళ్ళు. కాప్రా నుంచి వచ్చిన ఒక పెద్దాయన బల్ల తట్టుకుంటూ తట్టుకుంటూ నిద్రపోయాడు. లేపేదాకా ఆయన నిద్రపోయాడని నాకూ తెలియలేదు, తట్టడం ఆగలేదు మరి.

వీళ్ళందర్నీ మించినవారు సాల్మన్ మాస్టారు. గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇప్పటి పద్మారావు నగర్ దగ్గర స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం వారిది. బళ్ళో లెక్కలు చెప్పేవారు. మా డాక్టర్ గారు ఆయన శిష్యుడే. మాస్టారి ఎడమకన్ను ఈ జబ్బుతోనే అప్పటికే పోయింది. కుడికంటి నరం కూడా గుంటపడిందని, చుక్కలకు ఒత్తిడి తగ్గడం లేదని, వెంటనే ఆపరేషన్ చెయ్యాలని డాక్టర్ గారి ఉద్దేశం. మాస్టారు ఒప్పుకోలేదు. "ఉన్నదొక్క కన్ను. నాకు శుభ్రంగా కనిపిస్తుంటే దాని మీద కత్తి పెడతానంటావేంట్రా?" అన్నారు. చివరికి ఒప్పందం కుదిరింది. చార్టులో చూపు పాడైనట్టు తేలితే ఆపరేషన్, బాగుందని తేలితే ఇక కత్తి మాట ఎత్తకూడదు.

ఆయన కోటు వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని పరీక్షకు వచ్చారు. నేను పూస ఎక్కడ పెడితే అక్కడ టక్కున తట్టారు. చార్టు నిండు చందమామలా వచ్చింది. "ఎన్ని మార్కులయ్యా?" అని నన్నడిగి, జవాబు కోసం ఆగకుండా బయట బెంచీ మీద కూచుని నర్సులకు తన కంటి గొప్పతనం వర్ణించడం మొదలుపెట్టారు.

డాక్టర్ గారు చార్టు చూసి నీరుగారిపోయారు. "దీంట్లో గుడ్డిచోటు ఏదయ్యా?" అన్నారు. ప్రతి కంట్లోనూ నరం లోపలికొచ్చే చోట చూపుండదు. అది జబ్బు కాదు, అందరికీ పుట్టుకతో ఉండేదే. సూదిని కదలకుండా చూసే మనిషికి, బయటివైపు ఒకచోట పూస మాయమై తీరాలి. మాస్టారికి అక్కడా కనబడింది, రెండుసార్లు. అంటే ఆ చూపు సూది మీద లేదు. పూస వెంట పోయి చూసి మళ్ళీ వెనక్కి వస్తోంది. నేను పుల్లనే చూడాలా, ఆయన కన్నే చూడాలా? రెండూ ఒక మనిషితో అయ్యే పని కాదు.

ఇప్పుడు ఆ సంగతి చెప్పేదెవరు? "నువ్వే చెప్పు, నేను ఆయన శిష్యుణ్ణి," అన్నారు డాక్టర్ గారు. నాకు మండింది. "సాబ్, నాకు జీతమిచ్చేది కండ్లు చూడనీకి. మీ సార్‌ని కాపీ కొట్టిన్రు అననీకి కాదు," అన్నాను. ఆయన నా వైపు దీనంగా చూశారు. బయట మాస్టారు గొడుగు తీసుకుని లేవబోతున్నారు. ఆ మనిషి అట్లా ఇంటికి పోతే కన్ను పోయినట్టే. ఇక నేనే వెళ్ళాను.

"సార్, పుస్తకం చూడకుండ రాసే పరీక్షల, పుస్తకం తెరిస్తే తప్ప రాని ప్రశ్న ఒకటి పెట్టిన్రనుకోండి. ఒక పిల్లగాడు దానికి జవాబు రాసిండు. మీరేమంటరు?"

"పుస్తకం తెరిచాడంటాను."

"సూదినే చూస్తుంటే ఒక జాగల పూస ఎవ్వరికి కనబడది. నాకు సుత కనబడది. మీకు రెండుసార్లు కనబడ్డది."

ఆయన మొహం కందగడ్డలా అయింది. తిడతారనుకున్నాను. తిట్టలేదు. నెమ్మదిగా కూచుని, "కావాలని కాదయ్యా," అన్నారు. పరీక్ష హాల్లో ఒక్కచోటే చూస్తూ నిలబడితే మిగతా గదంతా కాపీ కొడుతుందట. అందుకని తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పడం ఆయన అభ్యాసం చేశారు. ఇప్పుడు ఆపమన్నా ఆ కన్ను ఆగదు. కాపీ దొరికితే పేపరు రద్దు చేసి మళ్ళీ రాయించడం తన పద్ధతి కాబట్టి, తనకూ అదే వర్తిస్తుందని ఆయనే చెప్పారు.

మళ్ళీ కూచోబెట్టాం. కన్ను నిలవలేదు. సూది దిక్కు చూస్తారు, పూస కదలగానే కన్ను చటుక్కున దాని మీదికి పోతుంది. నాకు ఓపిక అయిపోయింది. "ఇన్నేండ్లల్ల మీరు ఒక్కన్నే చూసుకుంట నిలబడ్డది ఎన్నడన్న ఉన్నదా సార్?" అని అడిగాను.

మాస్టారు ఏమాత్రం ఆలోచించకుండా డాక్టర్ గారి వైపు వేలు చూపించారు. "వీణ్ణే. ఆల్జీబ్రా పరీక్షలో మొదటి గంట నుంచి చివరి గంట దాకా. కాపీ కొడుతున్నాడని తెలుసు. దొరకలేదు."

డాక్టర్ గారు గోడ గడియారం చూశారు. నాకు దారి దొరికింది. బట్ట తీసుకుని దర్జీ దగ్గరికి పోయి, సూది ఉన్నచోట కాజా తీయమన్నాను. గుండీ ఎక్కడ వస్తదని అడిగాడు. గుండీ రాదు, డాక్టర్ సాబ్ కన్ను వస్తదన్నాను. జెర పెద్దగానే కాజా తీసిచ్చాడు.

మర్నాడు బట్టను గోడకు కాకుండా చట్రానికి కట్టి, వెనక డాక్టర్ గారిని నిలబెట్టి, కాజాలో కన్ను పెట్టమన్నాను. మాస్టారు ఆ కన్నును పట్టుకున్నారు చూడండి, ఇక వదల్లేదు. "కదలకు ప్రభాకరా," అని ఒకసారి హెచ్చరించారు కూడా. నేను పూస ఎటు తిప్పినా ఆయన కన్ను ఆవగింజంత కదల్లేదు. మాస్టారి కన్నును కాపలా కాస్తున్న డాక్టర్ గారు బట్ట వెనక నుంచి బయటికొచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. నా వైపు తిరిగి కూడా చూడకుండా, "చీటీ మేజోడులో ఉండేది మాస్టారూ," అన్నారు.

"తెలుసురా. బూట్లు విప్పమనడం మర్యాద కాదనుకున్నాను."

ఆ తర్వాత చార్టు చూపించాం. గుడ్డిచోటు ఉండాల్సిన చోట ఉంది. అక్కడ మొదలై సూదికి పైగా విల్లులా వంగి ముక్కు వైపు దాకా చూపు లేదు. కింది భాగంలో కూడా మచ్చలు మొదలయ్యాయి. మాస్టారు ఆ కాగితాన్ని దగ్గరికి తీసుకుని, విల్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో గీశారు. నిన్నటిదాకా లోకమంతా కనబడుతోందని నర్సులకు చెప్పిన మనిషి ఆయన. జేబులోంచి పెన్ను తీసి, ఆపరేషన్ కాగితం ఎక్కడని అడిగారు.

ఆపరేషన్ ఆ వారంలోనే అయింది. నల్లగుడ్డుకు పైన, తెల్లభాగం అంచున సన్నని రంధ్రం చేసి, లోపలి నీటికి దారి ఇచ్చారు. ఒత్తిడి దిగింది. పోయిన చూపు రాలేదు. ఆ తర్వాత నేను తీసిన ప్రతి చార్టులోనూ ఆ విల్లు అక్కడే ఆగి ఉంది. ఆయన ఆ మిగిలిన చూపుతోనే పేపర్లు దిద్దారు.

నేను సర్వీసులో ఉన్నంతకాలం, ఎవరిని నల్లతెర ముందు కూచోబెట్టినా మొదట గుడ్డిచోటే వెతికాను. అది దొరికేదాకా మిగతా చార్టు గీయలేదు. మాస్టారి మొదటి చార్టులో ఒక్క మచ్చ లేదు. దాన్ని నమ్మి ఉంటే ఆయన గుడ్డివారయ్యేవారు.