ఆ సాయంత్రం గాలి నిజమే

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్ళు మంట. మా భిలాయ్ క్వార్టర్లలో కరెంటు పోతే చాలు, ఎవరో ఒకరు అందుకునేవారు. నేను లేచి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఫిజిక్స్ చదువుకున్నాను. కొలవడానికి వీల్లేనిదాన్ని నమ్మను. ఇప్పటికీ నమ్మను. అందుకే ఇది రాస్తుంటే నాకు భయం వేయడం లేదు, కోపం వస్తోంది.

తొంభైల మధ్యలో సంగతి. నాన్న స్టీల్ ప్లాంటులో ఉద్యోగి. డిగ్రీ అయ్యాక నేను సుపేలా మెయిన్ రోడ్డు మీద, ఒక బట్టల కొట్టు పైనున్న కంప్యూటర్ సెంటర్లో చేరాను. ఓనర్ పేరు గుప్తా. పెళ్ళి కార్డులు, జీతాల బిల్లులు టైపు చేసే ఆ సెంటర్‌కి ఎవరి సిఫారసుతోనో ఒక పెద్ద పని వచ్చింది. సముద్రం మీద తిరిగే పరిశోధన నౌకల్లో రాబట్టిన వాతావరణ లెక్కలను సరిచూసి పంపాలి. సముద్రానికి అంత దూరంలో ఉన్న మా ఊరికి ఆ పని ఎందుకొచ్చిందో నాకు తెలియదు. చవగ్గా చేస్తామని గుప్తా చెప్పి ఉంటాడు.

ఓడ మీద పెట్టిన యంత్రాలు గాలి వేగం, దిక్కు, వేడి, తేమ, పీడనం వాటంతటవే రాసుకుంటూ పోతాయి. ఆ అంకెలు ఫ్లాపీల్లో మాకు వచ్చేవి. అందులో తప్పులుంటాయి. ఓడ పొగగొట్టం నుంచి వచ్చే వేడి థర్మామీటరుకి తగిలితే సముద్రం మీద భిలాయ్ ఎండ కాసినట్టు కనిపిస్తుంది. ఏది నిజం, ఏది తప్పు అన్నది ముందు కంప్యూటర్ చూస్తుంది, తర్వాత మనిషి గ్రాఫ్ చూసి తేలుస్తాడు. ప్రతి అంకె పక్కనా ఒక గుర్తు పెట్టాలి. ఆ మనిషిని నేను. ఆ పని నాకు చాలా ఇష్టం.

ఆ ఏడాది మే నెలలో ఒక ఓడ ఫ్లాపీ వచ్చింది. దాంతోపాటే గుప్తా నా టేబుల్ దగ్గరికి వచ్చి, ఫలానా సాయంత్రం గాలి వేగం మొత్తానికి 'తప్పు' అని గుర్తు పెట్టెయ్యమన్నాడు. యంత్రం పాడైందని ఓడవాళ్ళు ఫోన్ చేశారట.

గ్రాఫ్ తీసి చూశాను. ఏమీ పాడవలేదు. పీడనం నిట్టనిలువునా పడిపోయింది. వేడి తగ్గింది. తేమ పెరిగింది. వాటితోపాటే గాలి లేచింది. అన్ని యంత్రాలూ ఒక్కమాట మీద ఉన్నాయి. అది తుఫాను గాలి.

"సార్, ఇది మంచి డేటా. తప్పని పెట్టలేను," అన్నాను హిందీలో.

"నిన్ను అడగలేదు, చెప్పాను," అన్నాడు. "పని ఇచ్చినవాళ్ళు రాత్రంటే రాత్రి. సమఝీ?"

కోపంతో నాకు చెవులు వేడెక్కాయి. అలా రాయించుకునేటట్టయితే ఈ సరిచూడటం ఎందుకు? అడిగాను కూడా. భోజనం నుంచి వచ్చేసరికి పని అయిపోవాలని చెప్పి స్కూటర్ తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

మిట్టమధ్యాహ్నం. కూలర్ హోరుమంటోంది. టైపింగ్ చేసే కౌసల్యా దీదీ, నేను మాత్రమే ఉన్నాం. అప్పుడొచ్చాడాయన. యాభై ఏళ్ళుంటాయి. గళ్ళ చొక్కా, ఎండకి మాడిన మొహం. తిన్నగా వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఓడ ఆఫీసు నుంచి అప్పుడప్పుడు మనుషులు వచ్చేవారు. ఈయన్నీ వాళ్ళే పంపారనుకున్నాను. గాలి తప్పని ఒప్పించడానికే వచ్చాడని ఇంకా మండింది.

"మీ యంత్రం పాడవలేదండీ," అన్నాను ముందే. హిందీలోనే.

ఆయన తెలుగులో అన్నాడు. మా అమ్మమ్మ మాట్లాడే తెలుగు. "పాడవనేదు తల్లీ. ఆ గాలి నిజవే. నాను సూసినాను కదా."

నా కోపం సగం జారిపోయింది. మీదే ఊరని అడిగితే టెక్కలి పక్కనన్నాడు. దీదీ గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. "నీల్లొద్దు," అని చెయ్యి అడ్డం పెట్టాడు. ఎడమచేతి ఉంగరపు వేలు సగమే ఉంది.

ఆ సగం వేలితోనే తెర మీద గీత చూపించాడు. "ఇదిగో, ఇక్కడిదాకా సరిగ్గుంది. ఇక్కడ దిక్కు సూపే ముల్లు వొంగిపోనాది. దీని తరవాత దిక్కంతా తప్పే. అది తప్పనే రాసీ. కానీ దీని ముందరది తప్పంటే మాత్రం నానొప్పుకోను. ఎవులు సెప్పినా ఒప్పుకోకు."

మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా. "గాలి నేదంట! గాలి నేకపోతే నన్నెందుకు పైకెక్కమన్నారు?"

ఆ గొంతులో ఉన్న కోపం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయన అన్నదేమిటో నాకు అర్థం కాలేదు. ముల్లు సంగతి చూద్దామని గ్రాఫ్ వైపు తిరిగాను.

ఓడ మలుపు తిరిగినంత మాత్రాన సముద్రం మీద గాలి దిక్కు మారదు. ఓడ తిరిగిన ప్రతిసారీ మన లెక్కలో దిక్కు మారుతోందంటే ముల్లు దాని చోటులో లేదన్నమాట. ఆయన వేలు పెట్టిన చోటునుంచి సరిగ్గా అలాగే ఉంది. అంతకుముందు లేదు. పొద్దుటినుంచీ చూస్తున్నా నేను పట్టుకోలేకపోయాను. "నిజమేనండీ," అంటూ ఇటు తిరిగాను. కుర్చీ ఖాళీగా ఉంది. టీ తాగడానికి కిందికి వెళ్ళాడనుకున్నాను.

ముల్లు వంగాక వచ్చిన దిక్కు తప్పని గుర్తు పెట్టాను. గాలి వేగం సరైనదని పెట్టాను. గుప్తా వచ్చి అరిచాడు. నేనూ అరిచాను.

ఆ వారంలోనే ఓడ ఆఫీసు నుంచి మోహన్‌రావు అనే ఇంజనీరు పక్కనున్న దుర్గ్‌లో రైలు దిగి మా సెంటర్‌కి వచ్చాడు. సరిచూసిన ఫ్లాపీలు పట్టుకెళ్ళడానికి. గుప్తా ముందే నేను నిలదీశాను. గాలి నిజమని మీ మనిషే చెప్పి వెళ్ళాడు, ముల్లు వంగిన చోటు కూడా చూపించాడు, మళ్ళీ ఈ అబద్ధం ఎందుకు రాయమంటున్నారని.

మోహన్‌రావు నా వంక చూశాడు. "ముల్లు వంగినట్టు మీకెవరు చెప్పారండి? అది ఏ కాగితంలోనూ లేదు. ఓడ రేవుకొచ్చాక దాన్ని విప్పింది నేనే."

"మీవాళ్ళే. టెక్కలి వైపు ఆయన."

"మేం ఎవర్నీ పంపలేదండి."

"ఎడమచేతి వేలు సగం..." అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జరిగింది చెప్పాడు. ఆ మనిషి పేరు అప్పలసూరి. ఓడలో వాతావరణం చూసే ఉద్యోగి. ఆ సాయంత్రం గాలి లేచాక యంత్రం ఊడిపోకుండా కట్టమని పైవాళ్ళు ఆయన్ని స్తంభం ఎక్కించారు. కెరటం కొట్టింది. ముల్లు పట్టుకుని వేలాడి ఉంటాడు, అందుకే అది వంగింది. మనిషి దొరకలేదు. గాలి మామూలుగానే ఉందనీ, ఆయనే అజాగ్రత్తగా జారిపడ్డాడనీ ఆఫీసులో రాసుకున్నారు. ఇదంతా అయ్యాకనే ఫ్లాపీ మాకు వచ్చింది.

గుప్తా నవ్వాడు. "ఎండదెబ్బ," అన్నాడు. నేను దీదీ వైపు తిరిగి, "నువ్వు నీళ్ళిచ్చావు కదా, చెప్పు," అన్నాను. దీదీ కీబోర్డు మీంచి తల ఎత్తలేదు. ఎవరూ రాలేదంది.

సాయంత్రం మెట్ల మీద నా చెయ్యి పట్టుకుంది. "చూశాను చెల్లీ. గ్లాసు కూడా ఇవ్వబోయాను. కానీ నాకు ఈ ఉద్యోగం పోతే ఎలా?" ఆమె మీద కోప్పడలేకపోయాను. ఆమె చేత ఆ అబద్ధం ఆడించినవాళ్ళ మీద నా కోపం రెండింతలైంది.

నేను పని మానేశాను. గుర్తులు గుప్తా తన చేత్తోనే మార్చి పంపాడని తర్వాత తెలిసింది. గ్రాఫ్ ప్రింటు ఒకటి మోహన్‌రావుకి ముందే ఇచ్చాను. ఆయన దాన్ని పైఆఫీసుల్లో చూపించాడు. సరిచూసిన డేటాలో గాలి తప్పని ఉంది కదా, ఇదెక్కడిదన్నారట. కాగితంలో అప్పలసూరి ఇప్పటికీ అజాగ్రత్తగా జారిపడ్డ మనిషే.

చాలామంది చాలా చెప్పారు. నీ మనసే ముల్లు సంగతి పట్టుకుని, దానికొక మనిషిని కల్పించుకుందని ఒక డాక్టరు అన్నాడు. కావచ్చు. సగం వేలు ఎలా కల్పించుకున్నాను? దీదీ ఎలా చూసింది? నాకు తెలియదు. భయం వేయలేదా అని అడుగుతారు. చచ్చిపోయిన మనిషి ఇంత దూరం వచ్చి సాక్ష్యం చెప్పుకుంటే, దాని పక్కన 'తప్పు' అని పెట్టేశారు. భయపడాల్సింది ఆయన్ని చూసి కాదు.

తర్వాత మోహన్‌రావు టెక్కలి వైపు వెళ్ళి, అప్పలసూరి భార్యకి అంతా చెప్పాడు. గ్రాఫ్ చూపించి, గాలి నిజమని, ఆయన తప్పేం లేదని చెప్పాడు. ఆవిడ కాగితం పక్కన పెట్టేసిందట. ఏడవలేదట. నాకు చెప్పమని ఒక్క మాట పంపింది.

"ఆ ఆడగుంట కాడికెల్లి కూకున్నోడు, గాలి గురించి అంతసేపు మాటాడినోడు, ఒక్కపాలి ఇంటికి రానేదేటి? అడిగి సెప్పమను."

ఇన్నేళ్ళయింది. ఆవిడకి ఏం చెప్పాలో నాకు ఇంకా తెలియదు.