గోడ మీద పేరు పెట్టి పిలిచిన రోజు

“ఆటో ఎక్కితే మొక్కు యాడికి పోతాది వొదినా? మొక్కు గోడ కాడి నుంచి గదా, బస్టాండు కాడి నుంచి కాదు గదా!”

“రెండు మైళ్ళకు ఆటో యాలమ్మే? కాళ్ళుండాయి గదా.”

“నీకుండాయి కాళ్ళు. నాది చక్కెర ఒళ్ళు. డాక్టరు ఏం చెప్పినాడు? ఎండలో తిరగబాకమ్మా అన్ల్యా?”

“మరి యాల వస్తివి? ఇంట్లో ఉండమంటే వింటివా?”

“ఒక్కదాన్నే పంపిస్తే ఊరోళ్ళు నన్నే గదా అనేది, వొదిన్ను కొండకు తోలి ఇంట్లో కూసుండాది అని!”

పుంగనూరు బస్టాండులో టీ అంగడి ముందర మేం ఇట్లా అరుచుకుంటూ ఉంటే నలుగురు నిలబడి చూశారు. ఒక ఆటో అబ్బాయి మంచి మాటలే చెప్పాడు. “అవ్వా, సగం చార్జీకే వస్తాలే, ఎక్కండి.” నేను సంచీ భుజానికి వేసుకుని రోడ్డెక్కాను. రత్నమ్మ నా వెనకే వచ్చింది గానీ మాట్లాడలేదు. ఆ కోపం తర్వాత ఎంత పని చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మా మాదిరి ఆ గోడ నడవాలని మొక్కుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళు చదవాలి.

రత్నమ్మ నాకు ఆడబిడ్డ, మా ఆయనకు చెల్లెలు. వయసు అరవై దాటింది. మొగుడు పోయినప్పటి నుంచి నా ఇంట్లోనే ఉంది. కుప్పానికి దగ్గర్లో పల్లె మాది. నాలుగు ఆవులు, కొంచెం మెట్ట భూమి. పోయిన ఏడు మా ఎర్రావుకు గడ్డల రోగం వచ్చింది. ఒళ్ళంతా నిమ్మకాయలంత గడ్డలు లేచి మేత ముట్టలేదు. పశువుల డాక్టరు సూదులు వేశాడు. నేను గోడకు మొక్కుకున్నాను. ఆవు బతికింది.

పశువులున్న మా ఇళ్ళలో ఈ మొక్కు పాతది. జబ్బుపడి లేచిన పశువు మెడలోని పలుపుతాడు చేత్తో పట్టుకుని, కొండ మీది గోడ ఈ చివర నుంచి ఆ చివరి దాకా చెప్పుల్లేకుండా నడవాలి. చివర పాత వాకిలి ఉంది, గవిని అంటాము. అక్కడి రాతికి పలుపు కట్టి రావాలి. గోడ మీద ఉన్నంతసేపూ ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే పశువును వదిలిన జబ్బు ఆ పేరుగల మనిషిని పట్టుకుంటుందని మా అత్త చెప్పేది. పిలవకూడదు కాబట్టి వెనక నడిచేవాళ్ళు నడుముకు ఆవు గంట కట్టుకుంటారు. మందలో కడపటి ఆవుకు గంట కట్టినట్టే. గంట వినిపిస్తుంటే వెనక మనిషి వస్తున్నట్టు లెక్క. తిరిగి చూడనక్కర్లేదు.

తెల్లవారుజామున ఐదింటికి కుప్పంలో బస్సెక్కాము. ఆడవాళ్ళకు ఇప్పుడు టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. పలమనేరులో దిగి ఇంకో బస్సు మారి పుంగనూరు చేరేసరికి ఎనిమిది దాటింది. ఇడ్లీ తిందామని రత్నమ్మ అంటే ఇంటి నుంచి తెచ్చిన రాగిరొట్టె, ఊరుబిండి పచ్చడి చాలన్నాను. రెండు సీసాల నీళ్ళు కూడా ఇంటివే. అవి చాలవని ఎవరైనా చెప్పి ఉంటే నేను వినేదాన్ని కాదు.

రోడ్డు వదిలి కొండ అడుగుకు చేరి, మెట్లు లేని బాటలో పైకెక్కి గోడ మొదలు పట్టేసరికి పది. ఎండ అప్పటికే నెత్తిన పడింది. ఆటోలో వచ్చి ఉంటే ఒక గంట చల్లపొద్దు మిగిలేది. రత్నమ్మ నా వైపు చూసి, గంట నడుముకు కట్టుకుని, పక్కకు తిరిగి నిలబడింది.

ఈ గోడ ఎవరు కట్టించారో నాకు తెలియదు. పాళెగాళ్ళని కొందరు, వాళ్ళకంటే ముందేనని కొందరు అంటారు. పుంగనూరు వైపు కొండ మీద మొదలై మదనపల్లె వైపు దిగుతుంది. ఏడు మైళ్ళని అంటారు గానీ కొలిచినవాళ్ళను నేను చూడలేదు. మొదట్లో రెండు మంచాలు పక్కపక్కన వేసేంత వెడల్పుగా ఉంటుంది. మైలు దాటాక ఎక్కడికక్కడ కూలిపోయింది. కూలిన చోట కిందికి దిగి, కంపలో దారి చేసుకుని, మళ్ళీ ఎక్కాలి. రాళ్ళు కదులుతాయి. పాదం పెట్టే ముందు ప్రతి రాతినీ కర్రతో తట్టి చూడాలి, కింద పాము ఉండొచ్చు. పదకొండుకే బండ పెనం మాదిరి కాలింది. నేను కొంగు చింపి పాదాలకు చుట్టుకుందామనుకున్నాను, మొక్కని ఊరుకున్నాను.

ఒక పక్క లోయ, ఇంకో పక్క కంప. గాలి వచ్చినప్పుడల్లా ఒంగి గోడను పట్టుకున్నాను. మొదటి బురుజు దగ్గర ఎలుగ్గొడ్డు పెంట కనిపించింది, ఇంకా పచ్చిగా ఉంది. వెనక గంట ఆగింది. రత్నమ్మ కూడా చూసిందన్నమాట. చుట్టూ చూసుకుని ఇద్దరం మళ్ళీ నడిచాము.

ఆ బురుజు పక్కనే మనిషి లోతు గుంత ఉంది. గుప్తనిధుల దొంగలు తవ్విందే. చుట్టూ పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయలు, ఒక కోడి ఈకలు. ఎవరు తవ్వారో, ఇంకా ఇక్కడే ఉన్నారో. అట్లాంటి గుంతలు ఆ తర్వాత ఇంకో మూడు చూశాను. కొన్నింటి మీద కంప కప్పి పెట్టారు. పోయేవాళ్ళు బురుజు కనపడిన చోటల్లా అంచుకు దూరంగా నడవండి.

పన్నెండున్నరకు రెండో బురుజు నీడలో కూర్చుని రొట్టె తిన్నాము. ఒక సీసా అప్పటికే అయిపోయింది. రత్నమ్మ చేతులు వణుకుతున్నాయి. ఒంట్లో చక్కెర పడిపోయినట్టుందని నేను బెల్లం ముక్క ఇచ్చాను. తీసుకుంది, నోట్లో వేసుకుంది.

“నాకు వద్దులే, నీళ్ళు నువ్వే తాగు,” అన్నాను.

“మిగిల్చి ఇంటికి ఎత్తుకపోతావా ఏంది?” అంది.

అదే మేం ఆ రోజు మధ్యాహ్నం మాట్లాడుకున్న ఆఖరు మాట. నాకు మళ్ళీ కోపం వచ్చింది. లేచి ముందు నడిచాను.

వెనక గంట మోగుతూనే ఉంది. గోడ ఎక్కుతూ దిగుతూ పోయింది. ఒకటిన్నరకు గోడ పూర్తిగా కూలిన చోట ఒక ఎండిన వాగు, మేం వంక అంటాము, దాటాను. అవతల గట్టెక్కి ఒక్క క్షణం ఆగాను. గంట వినిపించింది. సరే వస్తోంది అనుకున్నాను. తిరిగి చూస్తే తగ్గినట్టు అవుతుందని చూడలేదు. అరగంట, ముప్పావుగంట నడిచాను. గంట ఒక్కోసారి దగ్గరగా, ఒక్కోసారి దూరంగా వినిపించింది. ఏందో తీరిగ్గా నడుస్తోందే, రానీ అనుకున్నాను.

రెండున్నరకు మూడో బురుజు ఎక్కి కూర్చున్నాను. గంట దగ్గరకు వచ్చింది. ఇక చూడక తప్పదని తల తిప్పాను.

గోడ మీద నల్ల మేక ఒకటి నిలబడి నన్ను చూస్తోంది. దాని మెడలో గంట. దాని వెనక ఇంకో పది మేకలు. మనిషి లేదు.

నేను లేచి నిలబడ్డాను. గోడ మీద, వచ్చిన దారి మీద, లోయ మీద, ఎక్కడా ఆమె చీర రంగు లేదు.

మేకల వెనక నుంచి ఒకామె కర్ర పట్టుకుని వచ్చింది. నన్ను చూసి ఆగింది.

“యాలమ్మా నా మేకల్ని అట్ల సూస్తాండావు, దిష్టి తగిలేటట్టు?”

“అమ్మా, నా ఎనక ఒక మనిషి రావాల. గంట కట్టుకోనుండాది. నీ మేక గంట ఇని ఆమే అనుకొని వచ్చేసినా.”

“ఎప్పుడినుంచి?”

వంక దాటినప్పటి నుంచా, అంతకు ముందు నుంచా, నాకే తెలియదు.

ఆమె పేరు గంగులమ్మ. కొండ కింది పల్లె. మేకల్ని బురుజు నీడకు తోలి నాతో వెనక్కి నడిచింది. వచ్చేటప్పుడు జాగ్రత్తగా పెట్టిన పాదాన్ని పోయేటప్పుడు పరుగులో పెట్టాను. మోకాలు పగిలింది. “ఓమ్మా! ఓమ్మా!” అని అరిచాను. గాలి ఎదురు కొట్టింది. గంగులమ్మ కూడా అరిచింది. జవాబు లేదు. ఎలుగ్గొడ్డు పెంట గుర్తొచ్చింది. పడి తల పగిలిందేమో, చక్కెర పడిపోయి ఎక్కడో ఒరిగిపోయిందేమో. ఆమె దగ్గర నీళ్ళు కూడా లేవు, మిగిలిన సీసా నా సంచీలోనే ఉంది.

వంక దగ్గరకు వచ్చాము. లేదు. గంగులమ్మ నిలబడి ఊపిరి తీసుకుంది.

“పేరు పెట్టి అరువమ్మా. ఓమ్మా అంటే కొండ మీద అందురూ అమ్మలే.”

“మొక్కుండాది. పేరు పిలవకూడదు.”

“నీ మొక్కు సంగతి నాకు తెలీదా? మా అత్తగూడా నడిసింది. పేరేంది సెప్పు, నేనన్నా అరుస్తా.”

“సెప్పను.”

“ఏం మనిషివమ్మా నువ్వు!” అని ఆమె ముందుకు నడిచింది.

ఇంకో అర్ధ మైలు అట్లాగే వెతికాము. నా కళ్ళ ముందు ఎర్రావు ఒంటి మీది గడ్డలు తిరిగాయి. అవి రత్నమ్మ ఒంటి మీద లేచినట్టు కనిపించింది. పేరు పిలిస్తే జబ్బు, పిలవకపోతే చావు. ఆ రెండింటి మధ్యలో నేను ఎంతసేపు ఉన్నానో తెలియదు. పొద్దు వాలుతోంది, కంపలో నీడలు పొడుగైనాయి.

రెండో బురుజు కనపడగానే పలుపు చేతిలో బిగించి పట్టుకుని అరిచాను.

“రత్నమ్మా! ఒమ్మే రత్నమ్మా! రత్నా!”

ముందు ఏమీ లేదు. తర్వాత నేల లోపలి నుంచి వచ్చినట్టుగా,

“వొదినా...”

బురుజు వెనక కంప కప్పిన గుంతలో ఉంది. నేను లేచి ముందు నడిచాక ఆమె పక్కకు పోయి వస్తూ ఆ కంప మీద కాలు పెట్టిందట. మడమ దగ్గర ఎముక పక్కకు తిరిగిపోయి ఉంది. చేతులు, మెడ గీసుకుపోయాయి. పెదవులు తెల్లగా పగిలాయి. భోజనం తర్వాత ఆమె పది బారలు కూడా నా వెనక నడవలేదు. ఆ తర్వాత నేను విన్న గంటంతా మేకదే.

“నేను గంట కొడతానే ఉంటి వొదినా. శెయ్యి నొప్పి పుట్టేదంకా కొడితి.”

“అరుస్తాంటిమి గదా, ఇనపడలేదా?”

“ఎవురో మేకల్ను పిలస్తాండారనుకొంటి.”

గంగులమ్మ పలుపు కొసను గుంతలోకి వదిలి, రత్నమ్మ చంకల కింద కట్టించింది. ఇద్దరం పట్టి లాగాము. రెండుసార్లు జారింది. ఆమె కేకకు కంపలో పిట్టలు బెదిరి లేచాయి. మూడోసారి పైకి వచ్చింది. నీళ్ళు తాగించి, బెల్లం పెట్టాను. గంగులమ్మ సెల్లుకు సిగ్నల్ దొరికిన చోటు నుంచి తన కొడుకును, ఇంకో ఇద్దరిని పిలిపించింది. దుప్పటిలో వేసి దింపేసరికి ఆరున్నర. కింది నుంచి నూట ఎనిమిది బండిలో మదనపల్లె. టమాటా లారీలు అడ్డం వచ్చి రోడ్డు మీద బండి రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను.

ఆసుపత్రిలో కాలికి కట్టు వేశారు. చక్కెర పరీక్ష చేసి సెలైన్ పెట్టారు. కాసేపటికి జ్వరం వచ్చింది. చేతి మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. నేను నర్సమ్మను పిలిచి చూపించాను.

“కంప గీసుకుంది గదా అవ్వా, దురదగొండి తగిలుంటుంది. మందు ఇచ్చినాము.”

“గడ్డలు కాదు గదా?”

“గడ్డలా? లేదవ్వా.”

నేను ఆమె మాట నమ్మాలనుకున్నాను. మంచం పక్కన నేల మీద కూర్చుని దద్దుర్ల మీద చెయ్యి పెట్టి చూస్తూ, ఆ రోజు నేను చేసిన తప్పులను తలుచుకున్నాను. గంట విని మనిషి వస్తోందని అనుకోవడం ఒకటి, తిరిగి చూడకపోవడం ఒకటి. మీరు మొక్కు ఎట్లా అయినా తీర్చుకోండి, మనిషిని మాత్రం కళ్ళతో చూసుకుంటూ నడవండి. నీళ్ళు ఒక్కొక్కరికీ నాలుగు సీసాలు తీసుకుపోండి, కొనుక్కుంటే కొనుక్కోండి. కొండ అడుగు దాకా ఆటో ఎక్కండి.

తెల్లవారి ఏడింటికి జ్వరం దిగింది. దద్దుర్లు సగం అణిగాయి. రత్నమ్మ కాఫీ అడిగింది. చక్కెర లేకుండా తెచ్చిస్తే ముఖం చిట్లించి తాగింది. ఎనిమిదిన్నరకు బస్టాండుకు ఆటోలో వచ్చాము. బస్సెక్కితే కండక్టరు ఆమె కట్టు చూసి ముందు సీటు ఖాళీ చేయించి, “కాలు సాపుకోమ్మా,” అన్నాడు.

“గవినికి ఇంకా ఎంత దూరముండె వొదినా?” అని రత్నమ్మ అడిగింది.

“తెలీదు.”

“పలుపు?”

“సంచీలో ఉండాది. పడుకో.”

పడుకుంది. పుంగనూరు రాకముందే కిటికీలో ఆ కొండ కనిపించింది. పక్క సీటులో ఒకాయన తన మనవరాలికి గోడను వేలితో చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. నేను అటు చూడలేదు. రత్నమ్మ చేతిని నా ఒళ్ళో పెట్టుకుని, కుప్పం వచ్చేదాకా దాని మీదే చూపు పెట్టి కూర్చున్నాను.