ఇందులో చెయ్యి యాడుండాది?

మొన్న మా అక్క కూతురు యానాం నుంచి వస్తే పుదుచ్చేరి రెడ్డియార్‌పాళయంలో ఒక గాజుల అంగడికి తీసుకెళ్లాను. అమ్మాయి తన సైజు చెప్పబోతే కొట్లో పెద్దావిడ వినిపించుకోలేదు. ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, బొటనవేలు లోపలికి మడిచి, కణుపుల దగ్గర ఒక్కసారి నొక్కి చూసి, అరలోంచి ఒక వరస గాజులు తీసింది. సబ్బు నురగ రాసిన చేతిమీదుగా అవి ఒకదానికొకటి తగులుతూ ఎక్కుతున్న చప్పుడుకి నేను పర్సు తెరిచి పట్టుకుని అలాగే ఉండిపోయాను. "ఏంటి పిన్నీ, అలా అయిపోయావు?" అంది పిల్ల. పోలీసు పిస్టళ్లు గుర్తొచ్చాయంటే నవ్వుతుందని ఊరుకున్నాను. నిజానికి గుర్తొచ్చింది అవే, వాటితోపాటు గోవిందరాజులు గారు.

ఆయన ఇక్కడి పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్. అంటే తుపాకులు కాల్చే మనిషి కాదు, వాటిని విప్పి, తుడిచి, బాగుచేసి మళ్లీ కూర్చే మనిషి. తరాల క్రితం పుదుచ్చేరి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. వాళ్లమ్మ ఇల్లిల్లూ తిరిగి గాజులమ్మేదట. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆయనకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నేనేమో కొత్తగా ఉద్యోగంలో చేరి, కొనుగోళ్ల విభాగంలో ప్రొబేషన్ మీదున్న గుమస్తాని. తెలుగు వినబడితే ప్రాణం లేచొచ్చే రోజులవి. అందుకే చేరిన వారానికే ఆయన్ని బాబాయిగారూ అనడం మొదలుపెట్టాను. ఆయన నన్ను పాపా అనేవారు. నా గోదావరి దీర్ఘాలు విని, "మీ ఊర్లో మాట ముగిసే లోపల బస్సు పోతాది పాపా" అని ఎగతాళి చేసేవారు.

ఆ ఏడాది పాత పిస్టళ్లు మార్చి కొత్తవి కొనాలని నిర్ణయం జరిగింది. పోలీసులు పిస్టల్ కొనడమంటే పెద్ద సాహసకార్యమని నేనూ అనుకున్నాను. తీరా చూస్తే అది ముప్పాతిక వంతు కాగితం పని. ముందు మాకు ఎలాంటిది కావాలో ఇంగ్లీషులో ఒక పత్రం రాయాలి. దాన్ని పైవాళ్లు ఒప్పుకోవాలి. టెండరు పిలిస్తే కంపెనీలు నమూనాలు పంపుతాయి. ఒక కమిటీ వాటిని కాల్చి, కింద పడేసి, నీళ్లలో ముంచి, ఇసకలో పొర్లించి పరీక్షిస్తుంది. నెగ్గినవాటిలో తక్కువ ధర చెప్పినవాళ్లకు ఆర్డరు వెళుతుంది. అన్నిటికీ మూలం ఆ మొదటి పత్రమే. దాన్ని తయారుచెయ్యమని నాకిచ్చారు. వేరే చోటి పోలీసులు రాసుకున్నది సంపాదించి, పేర్లు మార్చి, ఒక్క పూటలో దించేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆయుధాగారానికి తీసుకెళ్లి చూపించాను. గోవిందరాజులు గారు చేతులు గుడ్డకి తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో వాక్యం చదివారు. బరువు, గొట్టం పొడుగు, ఎన్ని గుండ్లు పడతాయి, ఎన్ని వేల సార్లు కాల్చినా చెడకూడదు, అన్నీ ఉన్నాయి. చివరికొచ్చి మళ్లీ మొదటి పేజీ తిప్పారు.

"అంతా సెరి పాపా. ఇందులో చెయ్యి యాడుండాది?"

"చెయ్యేంటండి బాబాయిగారూ?"

"పట్టుకునేది చెయ్యి కదా. పెద్ద చెయ్యి ఉండాది, చిన్న చెయ్యి ఉండాది. పిడి మార్చుకునేదానికి వీలుండాల. ఇప్పుడు ఆడపిల్లలు ఎంతమంది వచ్చినారు చూడు. ఒక్క వరస రాసెయ్, చాలు."

అలాగేనండి, రేపు కలుపుతానన్నాను. కలపలేదు. మా పై అధికారి అప్పటికే రెండుసార్లు ఫైలు అడిగారు. ఒక్క వాక్యం కలిపితే మళ్లీ టైపు, మళ్లీ సంతకాలు, ఎందుకు ఆలస్యమని మళ్లీ నాకే చీవాట్లు. ముసలాయన చాదస్తమనుకున్నాను. నేను దించుకున్న పత్రం చివర ఒక వాక్యం ఉంది: ఆర్మరర్‌ను సంప్రదించడమైనది, అభ్యంతరాలు లేవు. దాన్ని కూడా అలాగే ఉంచి ఫైలు పైకి పంపాను. సంప్రదించిన మాట నిజం. మిగతా సగం అబద్ధం.

నమూనాలొచ్చాయి. పరీక్ష రోజున ఊరి బయట ఫైరింగ్ రేంజిలో నేను వివరాలు రాసుకుంటూ కూర్చున్నాను. కమిటీలో కాల్చినవాళ్లందరూ ఆరడుగుల మగవాళ్లు. మొదటి కంపెనీ పిస్టల్ అన్నిట్లో నెగ్గింది. అప్పుడు గోవిందరాజులు గారు, ఆడవాళ్లలో కూడా ఒకరు కాల్చాలని పట్టుబట్టి కలైసెల్వి అనే కానిస్టేబుల్‌ని పిలిపించారు. సన్నటి పిల్ల. ప్రముఖుల రక్షణ దళానికి ఎంపికైన మొదటి ఇద్దరు ఆడపిల్లల్లో ఒకతె. కొత్త పిస్టల్‌తో గురి కుదిరితేనే ఆ దళంలో ఉంటుంది. ఆమె కాల్చిన గుండ్లన్నీ ఎడమకి, కిందికి పోయాయి. కమిటీలో ఒకాయన నవ్వి, "ఆడవాళ్లకు ఇదంతా ఎందుకు" అని తమిళంలో అన్నాడు. ఆమె పేరు పక్కన తప్పినట్టు రాయమన్నాడు. రాశాను.

గోవిందరాజులు గారు ఆమె దగ్గరికెళ్లి, "చెయ్యి చూడొచ్చా అమ్మా" అని అడిగారు. ఆమె చాపాక బొటనవేలు లోపలికి మడిచి, కణుపులు నొక్కి చూశారు. గాజులమ్మేటప్పుడు వాళ్లమ్మ చేసిన పని అది. తర్వాత ఆయుధాగారం నుంచి తెచ్చిన సన్నపిడి పాత పిస్టల్ ఒకటి ఆమెకిచ్చారు. ఈసారి గుండ్లన్నీ అరచేతంత చోట పడ్డాయి. కాని పత్రం చిన్న చేతుల గురించి అడగనే లేదు కనక, కొత్త పిస్టల్ నెగ్గినట్టే, కలైసెల్వి తప్పినట్టే.

నివేదికలో సంతకం పెట్టమంటే గోవిందరాజులు గారు, చిన్న చేతులకు ఇది పనికిరాదని కింద రాసి పెట్టారు. మర్నాడు అధికారి గదికి ఇద్దరినీ పిలిచారు. నా పత్రంలోని ఆఖరి వాక్యాన్ని వేలితో చూపించి, "అప్పుడు అభ్యంతరం లేదన్నావు, ఇప్పుడు ఈ రాతలేమిటి?" అని ఆయన్ని నిలదీశారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను కొంగు సర్దుకున్నాను. గోవిందరాజులు గారు ఆ వాక్యం చదివారు. నా వైపు చూశారు, ఎక్కువసేపు కూడా కాదు.

"నాకు అప్పుడు తోచలేదు సార్" అన్నారు.

బాధ్యతారాహిత్యం అని ఆయనకు మెమో ఇచ్చారు. రిటైర్మెంటుకు మూడు నెలలుంది. నా నోట్లో నాలుక ఉంది, అది కదల్లేదు. తర్వాత కూడా ఆయన ఆ మాట ఎత్తలేదు. ఎదురైతే "టీ తాగినావా పాపా" అనేవారు. ఆయన తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. పదకొండు రోజులు అలాగే గడిచాయి. ఆర్డరు ఫైలు ఒక్కో బల్లా దాటుకుంటూ పోతోంది.

పన్నెండో రోజు కలైసెల్వి మా విభాగానికొచ్చి ఒక కాగితం ఇచ్చింది. తనంతట తానే దళం నుంచి తప్పుకుని, ఆఫీసు పనికి మారతానని అర్జీ. "నా చేతులే ఇంత మేడమ్, ఏం చేస్తాం" అని తమిళంలో అని నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. తన చేతుల్ని తానే తప్పుపట్టుకుంటోంది. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆ అర్జీ పైకి పంపలేదు. కూర్చుని, ఆర్మరర్ నాకు ముందే చెప్పారని, నేనే రాయలేదని, అభ్యంతరాలు లేవన్నది అబద్ధమని రాసి, సంతకం చేసి అధికారికిచ్చాను.

గట్టిగా తిట్లు పడ్డాయి. నా ప్రొబేషన్ ఏడాది పొడిగించారు. టెండరు రద్దయింది, పిడి మార్చుకునే వాక్యం చేరింది, మెమో వెనక్కి తీసుకున్నారు. గోవిందరాజులు గారి దగ్గరికెళ్లి, ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నేను చెప్తే నీ మింద చాడీ అవుతాది పాపా. నువ్వు చెప్తే నిజమవుతాది. కొంచెం లేటు చేసినావు, అంతే."

కొత్త పిస్టళ్లు వచ్చేసరికి ఆయన రిటైరైపోయారు. కలైసెల్వి చిన్నపిడి వేసుకుని కాల్చి దళంలో నిలబడింది. ఇప్పుడు కొత్తవాళ్లకు గురి నేర్పుతోంది. నేను ఆ తర్వాత బూట్లు కొన్నా, టోపీలు కొన్నా, వాడేవాళ్లను పిలిచి అడగకుండా పత్రం రాయలేదు. అదంతా ఆయన పెట్టిన భిక్షే.

కిందటేడు ఆయన పోయారు. కర్మలన్నీ అయ్యాక లాస్‌పేటలో వాళ్లింటికెళ్లాను. వాళ్లావిడ నా చెయ్యి పట్టుకుని, "నీ గురించి చెప్తానే ఉండేవాడమ్మా. ఉద్యోగం పోయినా పర్వాలే అని నిజం రాసిన పాప అని" అంది. మెమో సంగతి ఆవిడకు తెలియదు. ఆ పదకొండు రోజుల సంగతీ తెలియదు. ఇంట్లో కూడా నన్ను కాపాడుకొచ్చారు ఆయన. ఊరుకుంటే ఆవిడ దృష్టిలో నేను ఎప్పటికీ మంచిదాన్నే. ఈసారి ఒక్క రోజు కూడా ఆగలేదు. గడపలోనే నిలబడి, ఏమీ దాచకుండా మొత్తం చెప్పాను.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, "సెరి మా. కాళ్లు కడుక్కోని రా, అన్నం తిందువు" అంది.

తిన్నాను. ఆ పదకొండు రోజులు మాత్రం ఇంకా నా దగ్గరే ఉన్నాయి.